మట్టిలో పడుగు: రోడ్డు గోడను నిలబెట్టే బట్ట, పడగొట్టే నీరు

సూరత్ నగరానికి దక్షిణాన, పాండేసరా పారిశ్రామిక వాడ దాపున ఉన్న వడోద్ ఒకప్పుడు పల్లె. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. ఈ చుట్టుపక్కల వాడల్లో మరమగ్గాల చప్పుడు పగలూ రాత్రీ ఆగదు. తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చి ఈ నగరంలో స్థిరపడిన పద్మశాలీలకు, ఇతర నేత కుటుంబాలకు పడుగూ పేకా అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కరలేదు. అయితే ఆ మగ్గాల మీద ఆడే పాలిస్టర్ పోగుకు బలమైన అన్నదమ్ముడొకటి ఉంది. దాని ఉద్యోగం చీరలో కాదు, మట్టిలో. వంతెనల నగరంగా పేరుపడ్డ సూరత్‌లో ఫ్లైఓవర్ ఎక్కే చోట రెండు పక్కలా నిటారుగా కనిపించే సిమెంటు పలకల గోడల వెనుక దాగి ఉండేది ఎక్కువగా ఇలాంటి పోగుతో చేసిన వలలే.

చాలామంది ఆ సిమెంటు పలకలే మట్టిని ఆపుతున్నాయనుకుంటారు. నిజానికి వాటి మందం జానెడు కూడా ఉండదు. అయిదారు మీటర్ల ఎత్తు మట్టి, దాని మీద లారీల బరువు తోస్తుంటే ఆ పలక ఒక్కటే నిలవడం అసాధ్యం. పలక పని వెలుపలి మట్టి రాలిపోకుండా చూడటం. అసలు బరువు మోసేది పలక వెనుక పొరలు పొరలుగా పరిచిన వలలు, వాటి మధ్య దట్టంగా కుదించిన మట్టి. ఒక్కమాటలో చెప్పాలంటే, అక్కడ మట్టే గోడ. ఇలాంటి నిర్మాణాన్ని ఇంజనీర్లు రీయిన్‌ఫోర్స్‌డ్ సాయిల్ వాల్ అంటారు, పని చేసేవాళ్ల నోట అది ఆర్ఈ వాల్. మట్టిలో వేసే ఈ కృత్రిమ బట్టలు, వలలు, రేకులన్నిటికీ కలిపి ఉన్న పేరు జియోసింథటిక్స్.

మట్టికి రానిదేమిటి?

మట్టి ఒత్తిడిని బాగానే తట్టుకుంటుంది. పైనుంచి ఎంత నొక్కితే అంత గట్టిపడుతుంది కూడా. దానికి చేతకానిది లాగుడు. పొడి ఇసుకను గుప్పిట పట్టి పళ్లెంలో వదిలితే కుప్పగా పడి, ఒక వాలు దగ్గర ఆగిపోతుంది. ఆ వాలును మించి నిలబెట్టాలని చూస్తే జారుతుంది. రేణువుకూ రేణువుకూ మధ్య రాపిడి ఉంది గానీ, ఒకదాన్నొకటి పట్టుకుని లాగే శక్తి లేదు.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. అడుగు లేని డబ్బాను బల్ల మీద నిలిపి, కొంచెం తడి చేసిన ఇసుక నింపి, అదిమి, డబ్బా పైకి తీసేయండి. మిగిలిన ఇసుక దిమ్మె మీద ఒక పుస్తకం పెడితే పక్కలు ఉబ్బి కూలుతుంది. ఈసారి రెండేసి వేళ్ల మందం ఇసుకకు ఒక గుండ్రటి కాగితం ముక్క చొప్పున పొరలుగా వేసి మళ్లీ నింపండి. అదే దిమ్మె అంతకంటే చాలా ఎక్కువ బరువును మోస్తుంది. కాగితం బరువు మోయలేదు, ఆ సంగతి అందరికీ తెలుసు. ఇసుక పక్కలకు జరగబోతుంది, కాగితం ఆ రేణువులను రాపిడితో పట్టి ఆపుతుంది. ఆ క్రమంలో కాగితం బిగుస్తుంది. లాగుడు దాని వంతు, ఒత్తిడి ఇసుక వంతు. మొత్తం శాస్త్రం ఈ పంపకంలోనే ఉంది.

పాత మనుషులకు ఇది తెలియని సంగతేమీ కాదు. మట్టి గోడ పెట్టేవాళ్లు బురదలో గడ్డి కలిపి తొక్కడం తెలుగు పల్లెల్లో నిన్నమొన్నటి దాకా ఉన్నదే. ఇరాక్‌లో బాగ్దాద్ దగ్గర ఉన్న అఖర్ ఖూఫ్ కట్టడంలో ఇటుక వరసల మధ్య రెల్లు చాపలు పరిచారు. మూడు వేల ఏళ్లు దాటినా దాని మొండెం ఇంకా నిలబడే ఉంది. లేనిదల్లా లెక్క. ఎంత పొడవు పోగు, ఎంత బలం, ఎన్ని పొరలు అన్నది ఊహ మీద కాక లెక్క మీద చెప్పగలగడం 20వ శతాబ్దంలోనే సాధ్యమైంది. ఫ్రాన్స్‌కు చెందిన ఆర్కిటెక్టు, ఇంజనీరు ఆంరీ విదాల్ ఇసుక కుప్పలో పైన్ చెట్టు ఆకులు గుచ్చి చూస్తుండగా ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. ఆయన 1963లో దానికి పేటెంటు తీసుకున్నారు. విదాల్ వాడింది ఇనుప పట్టీలు. తర్వాతి దశాబ్దంలో రసాయన పోగులతో చేసిన బట్ట రంగంలోకి దిగింది. జియోటెక్స్‌టైల్ అనే మాటను జె.పి. జిరూ 1977లో పారిస్ సదస్సులో ప్రవేశపెట్టారు. అంతకు చాలా ముందే, 1926లో, అమెరికాలోని సౌత్ కరోలినా రహదారుల శాఖ రోడ్డు కింద నూలు బట్ట పరిచి ప్రయత్నం చేసింది. నూలు కుళ్లిపోతుంది కాబట్టి అది ఎంతో దూరం సాగలేదు.

ఆరు మీటర్ల గోడలో ఏం జరుగుతుంది?

ఫ్లైఓవర్ మొదట్లో ఆరు మీటర్ల ఎత్తు గోడ ఉందనుకుందాం. లోపల నింపినది మంచి గ్రావెల్. ఘనపు మీటరు బరువు సుమారు 18 కిలోన్యూటన్లు, రాపిడి కోణం 30 డిగ్రీలు. అలాంటి మట్టి తన బరువులో మూడో వంతు మేర పక్కకు తోస్తుందని సూత్రం చెబుతుంది. గోడ అడుగున ఆ తోపు చదరపు మీటరుకు 36 కిలోన్యూటన్లు. పైనుంచి కింది దాకా కూడితే గోడ పొడవులో ప్రతి మీటరుకూ 108 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 11 టన్నులు. వాహనాల బరువును ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

ఈ 11 టన్నులను వలలు పంచుకుంటాయి. నిలువున 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పది పొరలు వేస్తే, అట్టడుగు పొర మీద మీటరు వెడల్పుకు 21 కిలోన్యూటన్ల పైచిలుకు లాగుడు పడుతుంది. పై పొరల మీద తక్కువ. చూడటానికి పై పొరలకు పని తేలిక అనిపిస్తుంది. కానీ అసలు చిక్కు అక్కడే ఉంది.

గోడ కూలితే మట్టి ఏ గీత వెంట జారుతుంది? గోడ పాదం నుంచి 60 డిగ్రీల వాలుతో పైకి, వెనక్కి పోయే గీత వెంట. ఆ గీతకు ముందున్న ముక్క జారబోయే భాగం. వెనకున్నది స్థిరంగా ఉండే భాగం. వల ముందు ముక్కను పట్టి, వెనుక భాగంలో కూరుకుని నిలవాలి. భారత రహదారుల కాంగ్రెస్ 2014లో వెలువరించిన ఎస్‌పీ 102 మార్గదర్శకాల ప్రకారం వల పొడవు గోడ ఎత్తులో కనీసం 0.7 వంతు ఉండాలి. ఆరు మీటర్ల గోడకు 4.2 మీటర్లు. గోడ అడుగున జారే ముక్క వెడల్పు దాదాపు సున్నా కాబట్టి వల అంతా స్థిర భాగంలోనే ఉంటుంది. గోడ తలకట్టు దగ్గర జారే ముక్క వెడల్పు దాదాపు మూడున్నర మీటర్లు. అంటే వల వెనుక కొస ముప్పావు మీటరు మాత్రమే స్థిర మట్టిలో ఉంటుంది. పైగా అక్కడ దాన్ని అదిమి పట్టే మట్టి బరువు కూడా తక్కువే. కింది పొరలు తెగుతాయేమోనని భయపడాలి, పై పొరలు తెగకుండానే ఊడి వచ్చేస్తాయేమోనని భయపడాలి. అందుకే అవసరమైన చోట పై పొరలను లెక్కకు మించి పొడవుగా వేస్తారు.

పడుగు ఎటు, పేక ఎటు

జియోసింథటిక్స్‌లో రకాలు చాలా ఉన్నాయి. మట్టిని బలపరచడానికి ప్రధానంగా వాడేవి రెండు. ఒకటి జియోటెక్స్‌టైల్, అంటే అచ్చంగా బట్ట. నేసినదీ ఉంటుంది, నేయకుండా పోగులను సూదులతో గుచ్చి దుప్పటిలా చేసినదీ ఉంటుంది. రెండోది జియోగ్రిడ్, అంటే కిటికీ చువ్వల్లా ఖాళీలున్న వల. ఆ ఖాళీల్లో కంకర, గ్రావెల్ రేణువులు దూరి ఇరుక్కుంటాయి. అందువల్ల పట్టు రాపిడి మీద మాత్రమే ఆధారపడదు.

జియోగ్రిడ్ చేసే పద్ధతులూ రెండు. పాలిథీన్ రేకుకు వరసగా రంధ్రాలు కొట్టి, వేడి చేసి లాగడం ఒకటి. లాగినప్పుడు ప్లాస్టిక్ లోపలి పొడవాటి అణువులు ఒకే దిక్కుకు సర్దుకుని ఆ దిక్కులో బలం పెరుగుతుంది. మరొకటి అధిక బలం గల పాలిస్టర్ పోగులను వలలా అల్లి లేదా నేసి, పైన పీవీసీ వంటి పూత పూయడం. నేత తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక సంగతి వెంటనే అర్థమవుతుంది. గోడల్లో వాడే గ్రిడ్‌కు రెండు దిక్కులా ఒకే బలం ఉండదు. చుట్ట పొడవునా పోయే పడుగు పోగుల్లోనే బలమంతా ఉంటుంది. అడ్డంగా ఉండే పేక వాటిని ఎడంగా నిలిపి ఉంచడానికే. కాబట్టి చుట్టను గోడకు సమాంతరంగా దొర్లిస్తే పని త్వరగా అవుతుంది గానీ బలం గోడ వైపు రాదు. పడుగు ఎప్పుడూ గోడ ముఖానికి లంబంగా, లోపలికి పోవాలి. కాగితం మీద ఎంత మంచి డిజైన్ ఉన్నా, సైటులో చుట్ట దొర్లించే దిశ తప్పితే అంతే సంగతులు.

ఇంకో తేడా కాలానికి సంబంధించినది. ప్లాస్టిక్‌ను స్థిరమైన బరువుతో ఏళ్ల తరబడి లాగి ఉంచితే మెల్లగా సాగుతూ పోతుంది. ఈ గుణాన్ని క్రీప్ అంటారు. బట్టలారేసే ప్లాస్టిక్ తాడు కొన్నాళ్లకు కిందికి వేలాడటం ఇదే. పాలిథీన్, పాలిప్రొపిలీన్‌లలో ఇది ఎక్కువ, పాలిస్టర్‌లో తక్కువ. పాలిస్టర్‌కు ఉన్న బలహీనత వేరు. నీరూ క్షారమూ కలిసిన చోట దాని అణువులు మెల్లగా విరుగుతాయి. అందుకే మట్టి పీహెచ్ 9 దాటిన చోటుల్లో, తాజా కాంక్రీటుకు నేరుగా తగిలే చోటుల్లో పాలిస్టర్ విషయంలో జాగ్రత్త పడతారు.

ఇలాంటి గోడలను సాధారణంగా 100 ఏళ్ల ఆయుష్షుకు డిజైన్ చేస్తారు. కొట్టులో కొన్ననాటి బలం నూరేళ్ల చివర ఉండదు కాబట్టి దాన్ని ముందే కోసుకుంటూ పోతారు. ఉదాహరణకు మీటరు వెడల్పుకు 100 కిలోన్యూటన్ల బలం గల గ్రిడ్ తీసుకుందాం. క్రీప్ పేరిట 1.5తో, కంకర గీసుకుని రోలర్ తొక్కినప్పుడు జరిగే నష్టం పేరిట 1.1తో, రసాయన మార్పుల పేరిట మరో 1.1తో భాగిస్తే మిగిలేది 55. డిజైన్‌లో వాడుకోగలిగేది అదే, దాని మీద కూడా భద్రత కోసం మరికొంత తగ్గిస్తారు. ఈ భాగహారాలు గ్రిడ్‌ను బట్టి, మట్టిని బట్టి మారతాయి. బిల్లు మీద 100 అని చూసి 100 అనుకోవడం మాత్రం కుదరదు.

నల్లరేగడి బెడద

ఇక వడోద్ నేల సంగతి. సూరత్ మైదానం తపతి నది మోసుకొచ్చిన ఒండ్రుతో ఏర్పడింది. ఆ ఒండ్రులో పెద్ద భాగం దక్కన్ నల్లరాయి అరిగి వచ్చినదే. కాబట్టి ఇక్కడ విస్తారంగా కనిపించేది ఆదిలాబాద్, కర్నూలు, గుంటూరు రైతులకు బాగా తెలిసిన నల్లరేగడి వంటి మన్నే. పత్తికి అది వరం. రోడ్డుకు మాత్రం పెద్ద బెడద.

రేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని రేణువు పుస్తకంలో పుటల్లా అతి సన్నని పొరల దొంతర. నీరు తగలగానే ఆ పుటల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తుంది, మట్టి ఉబ్బుతుంది. ఎండాకాలం నీరు ఆవిరైపోతే కుంచించుకుని బారెడు లోతు నెర్రెలు విచ్చుతుంది. మళ్లీ తొలకరి నీరు ఆ నెర్రెల గుండా నేరుగా లోపలికి పోతుంది. సూరత్‌లో ఏడాది వానంతా దాదాపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలల్లోనే కురుస్తుంది కాబట్టి ఈ ఉబ్బడం, కుంచించుకోవడం ప్రతి ఏటా తప్పని చక్రం. పైగా తడిసిన రేగడిలో రాపిడి బాగా తగ్గిపోతుంది, నీరు బయటికి పోవడానికి నెలలు పడుతుంది.

అందుకే మార్గదర్శకాలు గోడ లోపల నింపే మట్టి విషయంలో చాలా కఠినంగా ఉంటాయి. 75 మైక్రాన్ల జల్లెడ గుండా జారిపోయే సన్నని రేణువులు 15 శాతానికి మించకూడదు. ప్లాస్టిసిటీ ఇండెక్స్, అంటే మట్టి ముద్దగా ఉండగల తేమ పరిధి, 6 దాటకూడదు. నల్లరేగడికి ఈ రెండో అంకె సాధారణంగా 20కి పైనే ఉంటుంది. చుట్టూ ఎక్కడ తవ్వినా దొరికే మట్టి పనికిరాదన్నమాట. పనికొచ్చే గ్రావెల్‌ను దూరం నుంచి లారీల్లో తేవాలి. ఖర్చులో కక్కుర్తి మొదలయ్యేది ఇక్కడే. గ్రిడ్‌కు పరీక్షా పత్రం ఉంటుంది, బ్రాండు ఉంటుంది, చుట్ట మీద ముద్ర ఉంటుంది. మట్టికి ముద్ర ఉండదు. రాత్రి పూట నాలుగు లారీల స్థానిక మన్ను కలిసిపోతే తెల్లారి చూసినవాళ్లకు తేడా తెలియదు, పైన పొర పడితే అసలే తెలియదు.

ఇది ఊరికే అనే మాట కాదు. అమెరికాలోని జియోసింథటిక్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన రాబర్ట్ కర్నర్, జార్జ్ కర్నర్ వివిధ దేశాల్లో విఫలమైన 171 గోడల వివరాలు సేకరించి 2013లో ప్రచురించారు. వాటిలో 61 శాతం గోడల్లో వల ఉన్న భాగంలోనే ఒండ్రు, బంకమన్ను నింపారు. 60 శాతం వైఫల్యాలకు లోపలి నీరో బయటి నీరో కారణం. 86 శాతం గోడలు కట్టిన నాలుగేళ్ల లోపే దెబ్బతిన్నాయి. అంటే ముసలితనం వల్ల కాదు, పుట్టుకలోని లోపం వల్ల. అన్నిటికంటే గమనించదగ్గది ఇంకొకటి ఉంది. గ్రిడ్ తయారీలోని లోపం వల్ల కూలిన గోడ ఆ 171లో ఒక్కటీ లేదు. నూరేళ్లు ఉంటుందా అని అందరూ అనుమానించే ప్లాస్టిక్ తన పని తాను చేసింది. ఎవరూ అనుమానించని మట్టి, నీరు దెబ్బ తీశాయి.

నీరు ఎందుకంత ప్రమాదం?

పైన వేసిన లెక్కకే తిరిగి వెళ్తే సంగతి తేటపడుతుంది. ఆరు మీటర్ల గోడను పొడి మట్టి తోసే బలం మీటరుకు 108 కిలోన్యూటన్లు. ఇప్పుడు ఆ మట్టిలో నీరు చేరి, బయటికి పోయే దారి లేక నిండుగా నిలిచిందనుకుందాం. నీటిలో మునిగిన మట్టి తేలికవుతుంది కాబట్టి దాని తోపు 60కి తగ్గుతుంది. కానీ నీరు తనంతట తాను తోసేది 180 కిలోన్యూటన్లు. నీటికి రాపిడి లేదు, దాని తోపు ఏ కోణంతోనూ తగ్గదు. మొత్తం 240. ముందున్నదానికి రెట్టింపును మించిపోయింది. అదే సమయంలో మట్టి రేణువుల మధ్య ఒత్తిడి తగ్గి గ్రిడ్ పట్టు కూడా సడలుతుంది. తోపు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది, రెండూ ఒకేసారి.

దీనికి మందు ఎక్కువ బలమైన గ్రిడ్ కాదు, నీటికి దారి. పలకల వెనుక సాధారణంగా 60 సెంటీమీటర్ల వెడల్పున శుభ్రమైన కంకర నింపుతారు. పలకల అతుకుల దగ్గర సన్నని జియోటెక్స్‌టైల్ పట్టీలు అతికిస్తారు. టీ వడకట్టే గుడ్డలాగా అది నీటిని పోనిచ్చి మట్టిని ఆపుతుంది. అడుగున రంధ్రాలున్న పైపు నీటిని కాలువకు చేరుస్తుంది. పైన రోడ్డు వాననీరు గోడ తలకట్టు దగ్గర నిలవకుండా వాలు ఇస్తారు. 2006 ఆగస్టులో తపతి పొంగి సూరత్‌లో అధిక భాగాన్ని ముంచింది. అలాంటి వరద వచ్చిన చోట మరో ముప్పును లెక్కించాలి. వరద ఉన్నంతసేపు బయటి నీరు గోడను ఇటు నుంచి ఆపుతూ ఉంటుంది. వరద గబగబా తీసేసినప్పుడు బయట నీరు లేదు, లోపల మాత్రం నిండుగా ఉంది. గోడలకు గడ్డుకాలం వరద వచ్చిన రోజు కంటే అది తీసిన రోజు. నదీ తీర నగరాల్లో గోడ కింది భాగాన్ని నీరు చప్పున వదిలేసే కంకరతోనే నింపడానికి కారణం ఇదే.

గోడ ఎంత బాగా కట్టినా, దాని కింది నేల మెత్తనైతే లాభం లేదు. 2025 మే 19న కేరళలోని మలప్పురం జిల్లా కూరియాడ్ వద్ద, వరి పొలాల మీదుగా కడుతున్న జాతీయ రహదారి 66లో ఇలాంటి ఎత్తయిన కట్ట కుంగి కూలింది. పొలంలోని సహజ నేల ఆ కట్ట బరువును మోయలేకపోవడమే ప్రాథమిక కారణంగా కనిపిస్తోందని జాతీయ రహదారుల సంస్థ ప్రకటించింది. తర్వాత ఆ భాగంలో మట్టి కట్టకు బదులు స్తంభాల మీద వంతెన కట్టాలని నిర్ణయించారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లోని పొలాల మీదుగా రోడ్లు వేసేవాళ్లు శ్రద్ధగా చదవాల్సిన ఉదంతం ఇది.

గోడలో కాక, కింద పరిచే బట్ట

మెత్తని నేల మీద రోడ్డు వేయడానికి జియోటెక్స్‌టైల్‌ను ఇంకోలా కూడా వాడతారు. బురద నేల మీద కంకర పోస్తే మెల్లగా లోపలికి దిగిపోతుంది, బురద పైకి ఊరి కంకరలో కలుస్తుంది. మళ్లీ కంకర పోస్తారు, అదీ దిగుతుంది. మధ్యలో ఒక బట్ట పరిస్తే కంకర కంకరగా, మన్ను మన్నుగా ఉంటాయి. నీరు మాత్రం బట్ట గుండా పైకి వచ్చి పక్కకు పోతుంది.

తెలుగు నేల మీద దీనికి చక్కని ఉదాహరణ కాకినాడ. 1990ల రెండో సగంలో కాకినాడ ఓడరేవు ప్రాంతంలో మెత్తని సముద్రపు బంకమన్ను మీద రోడ్డు వేయాల్సి వచ్చినప్పుడు ప్లాస్టిక్ బట్టకు బదులు జనపనార బట్ట పరిచి చూశారు. జనపనార మట్టిలో ఏడాది, రెండేళ్లకు మించి ఉండదని తెలిసే చేశారు. ఇక్కడి కిటుకు తెలుసుకోవలసినదే. బంకమన్ను ఎప్పటికీ మెత్తగా ఉండదు. పైన బరువు పడి, నీరు బయటికి పోయేందుకు దారి దొరికితే అది నెలల తరబడి మెల్లగా దట్టమవుతుంది, బలం పుంజుకుంటుంది. ఆ కష్టకాలం గడిచేదాకా బట్ట రోడ్డును కాపాడితే చాలు. తర్వాత బట్ట కుళ్లినా నేల తన బరువు తాను మోసుకోగలదు. కాకినాడలో కొంతకాలం తర్వాత పరీక్షిస్తే బట్ట కింది మన్నులో నీరు తగ్గి, నేల గట్టిపడినట్టు తేలింది. విరిగిన కాలికి కట్టే పిండికట్టు లాంటిది ఈ పద్ధతి. ఎముక అతుక్కున్నాక దానితో పని ఉండదు. నెల్లిమర్ల వంటి చోట్ల జనపనార మిల్లులు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగునార సాగు ఉన్న రాష్ట్రానికి ఇది ఇంకా విస్తృతంగా ప్రయత్నించదగ్గ దారి. అయితే గోడల్లో మాత్రం నార పనికిరాదు. అక్కడ లాగుడు నూరేళ్లూ ఉంటుంది, బట్ట కూడా నూరేళ్లూ ఉండాలి.

నేల అనుకూలించి, నీటికి దారి ఇచ్చి, లెక్క సరిగా చేస్తే ఈ విద్య ఎంత ఎత్తుకు పోగలదో సిక్కింలోని పాక్యోంగ్ విమానాశ్రయం చూపించింది. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆ విమానాశ్రయం రన్‌వే కోసం కొండ వాలును తొలిచి, లోయ వైపు జియోగ్రిడ్లతో బలపరచిన మట్టి కట్టను కొన్ని చోట్ల 70 మీటర్లకు పైగా లేపారు. అంటే ఇరవై అంతస్తుల భవనమంత ఎత్తు మట్టి, అది కూడా భూకంపాలూ కుంభవృష్టీ ఉన్న హిమాలయాల్లో.

సూరత్ లాంటి చోట మట్టి ఎక్కడి నుంచి?

మంచి గ్రావెల్ దొరకని నగరాలకు ఒక ప్రత్యామ్నాయం బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద. ఢిల్లీలోని ఓఖ్లా ఫ్లైఓవర్ అప్రోచ్‌ను 1996లో కేంద్ర రహదారి పరిశోధన సంస్థ మార్గదర్శకత్వంలో జియోగ్రిడ్, బూడిదలతో కట్టారు. బూడిద మట్టి కంటే తేలిక. కాబట్టి గోడ మీద తోపూ తగ్గుతుంది, కింది మెత్తని నేల మీద భారమూ తగ్గుతుంది. అయితే అది పిండి లాంటిది. వానకు కొట్టుకుపోకుండా పైనా పక్కలా మంచి మట్టి తొడుగు ఉండాలి. కొన్ని రకాల బూడిదకు క్షార గుణం కూడా ఉంటుంది. అందువల్ల పాలిస్టర్ గ్రిడ్ వేసే ముందు పీహెచ్ చూడక తప్పదు.

తప్పనిసరై రేగడి నేల మీదే గోడ కట్టాల్సి వస్తే, పునాది కింద కొంత లోతు రేగడి తీసేసి వేరే మట్టి నింపడమో, సున్నం కలిపి దాని ఉబ్బే గుణాన్ని తగ్గించడమో చేస్తారు. సున్నంలోని కాల్షియం ఆ ఖనిజపు పుటల మధ్య చేరి నీటి ఆకలిని తగ్గిస్తుంది. కానీ సున్నం కలిపిన మట్టి క్షారం. మళ్లీ పాలిస్టర్ చిక్కే వచ్చి పడుతుంది. ఒక బాధకు మందు ఇంకో బాధకు కారణం కాకుండా చూసుకోవడంలోనే సగం ఇంజనీరింగ్ గడిచిపోతుంది.

పని జరిగేటప్పుడు పాటించాల్సినవి చిన్నవిగా కనిపిస్తాయి. పలకల నుంచి మీటరున్నర దూరం లోపల పెద్ద రోలర్ నడపకూడదు, నడిపితే పలకలు బయటికి ఉబ్బుతాయి. అక్కడ చేతితో నడిపే చిన్న యంత్రంతోనే కుదించాలి. ఆ ఇరుకు చోట కుదింపు సరిగా కాకపోతే వాన పడ్డాక మట్టి కుంగి, గోడ పక్కన రోడ్డు మీద గీత గీసినట్టు పగులు వస్తుంది. గ్రిడ్ మీద నేరుగా బండి ఎక్కించకూడదు, ముందు కనీసం 15 సెంటీమీటర్ల మట్టి పడాలి. ఎండలో జియోటెక్స్‌టైల్‌ను రెండు వారాలకు మించి కప్పకుండా వదలకూడదన్నది మామూలు నియమం, అతినీలలోహిత కిరణాలకు అది పెళుసెక్కుతుంది. గోడ పూర్తయ్యాక వచ్చే ముప్పు వేరు. నీటి పైపు కోసమో కేబుల్ కోసమో ఎవరో వచ్చి రోడ్డు తవ్వుతారు. పై పొరల్లో గ్రిడ్ పరిచి ఉందన్న సంగతి తెలియక కోసేస్తారు. పై పొరలకు పట్టు ఎంత తక్కువో ముందే చూశాం. తవ్విన చోట వేసిన పైపు తర్వాత కారితే, ఆ నీరు పోయేది నేరుగా గోడ కడుపులోకే.

బయటి నుంచి చూసేవాళ్లకు కూడా కొన్ని గుర్తులు కనిపిస్తాయి. వాన తగ్గిన మర్నాడు గోడ అడుగున ఉన్న రంధ్రాల నుంచి తేట నీరు కారుతుంటే డ్రెయినేజీ పని చేస్తున్నట్టే. బురద నీరు వస్తుంటే లోపలి మట్టి కొట్టుకుపోతోంది. పెద్ద వాన తర్వాత కూడా ఏమీ రాకపోతే దారి పూడుకుపోయి ఉండవచ్చు. పలకల అతుకులు ఒకచోట వెడల్పుగా, ఒకచోట ఇరుకుగా మారడం, వరసలో కొన్ని పలకలు ముందుకు పొడుచుకు రావడం, అతుకుల్లో రావి, మర్రి మొక్కలు లేవడం పట్టించుకోవాల్సినవి. మొక్క లేచిందంటే అక్కడ మట్టీ తేమా నిలిచి ఉన్నాయన్నమాట. వేరు లావెక్కే కొద్దీ అతుకు తెరుచుకుంటుంది. రోడ్ల నిర్వహణ చూసే ఇంజనీర్లు తొలకరికి ముందు ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి ఈ గోడల వెంట నడుస్తూ ఇవన్నీ రాసుకోవాలి. పలకల మీద సున్నంతో గుర్తు పెట్టి, కిందటి ఏటి గుర్తుతో పోల్చి, గోడ ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కొలవాలి.